ఓపెన్ యాక్సెస్ పరిశోధనను వ్యాపారానికి వాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తార్నాక, హబ్సిగూడ ల్యాబుల్లో పేపర్లు రాసేవాళ్లు, జీనోమ్ వ్యాలీలో వాటిని చదివి మందులు తయారుచేసేవాళ్లు, గచ్చిబౌలిలో వాటితో సాఫ్ట్‌వేర్ కట్టేవాళ్లు, అశోక్‌నగర్‌లో వాటిలోని బొమ్మలతో పోటీ పరీక్షల పుస్తకాలు వేసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలివి. అడిగేవాళ్లు వేరైనా చిక్కు చాలావరకు ఒక్కటే: చదవనిస్తే వాడుకోనిచ్చినట్టే అనుకోవడం. వేరే దేశం పేరు చెప్పని చోటల్లా భారత చట్టం గురించే చెప్పాం. పెద్ద మొత్తం పెట్టుబడి పెట్టేముందు మేధాహక్కుల న్యాయవాదికి మీ కాగితాలు చూపించండి.

పేపర్ డబ్బు కట్టకుండానే డౌన్‌లోడ్ అయింది. ఇక వ్యాపారానికి వాడుకోవచ్చు కదా?

దానివల్లే వాడుకోవచ్చని కాదు. చదవనివ్వడం ఒకటి, అచ్చువేసుకోనివ్వడం, అనువదించుకోనివ్వడం, అమ్ముకోనివ్వడం ఇంకొకటి. 2002లో వచ్చిన బుడాపెస్ట్ ప్రకటన ఓపెన్ యాక్సెస్ అంటే ఈ రెండూ అని చెప్పింది. ఎవరైనా చదవొచ్చు, దించుకోవచ్చు, పంచొచ్చు, చట్టానికి లోబడిన ఏ పనికైనా వాడొచ్చు. రచయిత చేతిలో ఉండాల్సింది తన పేరు చెప్పించుకునే హక్కు, రచన చెడిపోకుండా చూసుకునే హక్కు మాత్రమే అంది. తర్వాత ప్రచురణకర్తలు ఆ పేరును చాలా రకాల సరుకుకు అంటించారు.

వాటిలో ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది 'బ్రాంజ్' అనే రకం. ప్రచురణకర్త తన ఇష్టంకొద్దీ పేపర్‌ను తెరిచి ఉంచుతాడు కానీ ఏ లైసెన్సూ ఇవ్వడు. రేపు మళ్లీ తాళం వేసుకోవచ్చు. అలాంటి పేపర్ విషయంలో మీకున్నది చదువుకునే వీలు మాత్రమే, దాన్ని మళ్లీ అచ్చువేసే హక్కు లేదు.

లైసెన్స్ ఎక్కడ రాసి ఉంటుంది?

పీడీఎఫ్ మొదటి పేజీ అడుగున చూడండి. లేకపోతే చివర రిఫరెన్సుల జాబితాకు కాస్త ముందో వెనకో ఉంటుంది. జర్నల్ వెబ్ పేజీలో 'రైట్స్ అండ్ పర్మిషన్స్' అనే చిన్న భాగం కూడా చూడాలి. మూడుచోట్లా ఒకే మాట ఉందా అని సరిపోల్చుకోండి. పీడీఎఫ్‌లో ఒకటి, వెబ్ పేజీలో ఇంకొకటి ఉన్న సందర్భాలు ఉంటాయి. అప్పుడు ప్రచురణకర్తకు రాసి తేల్చుకోవాలి. జవాబు వచ్చేదాకా రెండింటిలో కఠినమైనదే వర్తిస్తుందనుకుని నడుచుకోండి.

వందల పేపర్లు ఉంటే ఒక్కొక్కటీ తెరవక్కర్లేదు. పేపర్ల వివరాల జాబితా నడిపే క్రాస్‌రెఫ్ సంస్థ ఏపీఐకి (ప్రోగ్రాంతో అడిగే మార్గం) డీఓఐ, అంటే పేపర్ శాశ్వత గుర్తింపు సంఖ్య, ఇస్తే లైసెన్స్ లింకు వస్తుంది. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. ఒకే పేపర్‌కు రెండు మూడు లింకులు ఉండొచ్చు: 'వీఓఆర్' అంటే అచ్చయిన తుది ప్రతికి, 'ఏఎం' అంటే అంగీకరించిన రాతప్రతికి, 'టీడీఎం' అంటే కంప్యూటర్‌తో జల్లెడ పట్టడానికి పెట్టిన షరతులు. టీడీఎం లింకు చూసి పేపర్ మొత్తం ఓపెన్ అనుకోవద్దు. లింకు పక్కనే అది ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుందో కూడా ఉంటుంది, అది ఇంకా రాని తేదీ కావచ్చు.

వాడాలనుకున్న రోజే ఆ పేజీని తేదీ కనిపించేలా పీడీఎఫ్‌గా దాచుకోండి. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. కానీ ఆ రోజు ఇచ్చారని చూపించాల్సింది మీరే.

సీసీ బై, ఎన్‌సీ, ఎన్‌డీ, ఎస్‌ఏ ఏమిటివి?

ఇవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ముక్కలు. 'బై' అంటే పేరు చెప్పాలి. 'ఎన్‌సీ' అంటే వ్యాపారం కూడదు. 'ఎన్‌డీ' అంటే మార్చిన ప్రతిని పంచకూడదు, అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. 'ఎస్‌ఏ' అంటే మీరు మార్చి విడుదల చేస్తే అదే లైసెన్స్ కింద చేయాలి. ఈ ముక్కలు కలిస్తే ఆరు లైసెన్సులవుతాయి. వాటిలో వ్యాపారానికి వీలిచ్చేవి సీసీ బై, సీసీ బై ఎస్‌ఏ, సీసీ బై ఎన్‌డీ. సీసీ జీరో ఈ ఆరింటిలో లేదు, అందులో హక్కుదారు హక్కులన్నీ వదిలేస్తాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న 4.0 రూపం 2013లో వచ్చింది.

ఇంకో విషయం. ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ సర్వర్‌లో (జర్నల్ సమీక్షకు ముందే పేపర్లు పెట్టే చోటు) పేపర్ కనబడితే సీసీ అనుకోకండి. అక్కడ చాలా పేపర్ల మీద ఉన్నది పేపర్‌ను పంచడానికి ఆ సర్వర్‌కు రచయిత ఇచ్చిన అనుమతి మాత్రమే. అది మీకిచ్చిన అనుమతి కాదు.

ఎన్‌సీ లైసెన్స్‌లో 'వ్యాపారం' అంటే ఎక్కడిదాకా?

లైసెన్స్ మాటల సారం ఇది: ప్రధానంగా వ్యాపార లాభం కోసం, లేదా డబ్బు రాబట్టడం కోసం చేసే వాడకం కూడదు. చూసేది వాడకాన్నే, వాడేవాళ్లు ఎవరన్నది కాదు. అందుకే కంపెనీ అయినంత మాత్రాన నిషేధం లేదు, స్వచ్ఛంద సంస్థ అయినంత మాత్రాన మినహాయింపూ లేదు.

అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఎన్‌సీ పేపర్‌లోని పటాన్ని తన పుస్తకంలో వేసి 350 రూపాయలకు అమ్మితే అది వ్యాపారమే. పుస్తకాన్ని ఫీజు కట్టిన విద్యార్థులకు 'ఉచితంగా' ఇచ్చినా తేడా పెద్దగా ఉండదు, ఎందుకంటే ఫీజులో అదీ భాగమే. మందుల కంపెనీ ప్రతినిధి డాక్టర్లకు పంచడానికి ఎన్‌సీ పేపర్‌ను 2,000 ప్రతులు అచ్చువేయిస్తే అది ప్రచారం, కాబట్టి వ్యాపారమే. ప్రచురణకర్తలు ఎన్‌సీని ఇష్టపడడానికి ఈ పునర్ముద్రణల ఆదాయం ఒక పెద్ద కారణం.

అదే కంపెనీ శాస్త్రవేత్త ఆ పేపర్‌ను తెరిచి చదివి, అందులోని విషయం అర్థం చేసుకుని తన పని తాను చేసుకుంటే ఎన్‌సీ అడ్డం రాదు. లైసెన్స్ అవసరమయ్యేది కాపీరైట్ ఉన్న రచనను కాపీ చేసి, పంచి, మార్చి వాడినప్పుడే. తెలుసుకున్న విషయానికి కాపీరైట్ ఉండదు.

ప్రకటనలు వచ్చే యూట్యూబ్ చానల్, రుసుము తీసుకునే వర్క్‌షాప్, కంపెనీ బ్లాగు: ఇవి గీతకు దగ్గరగా ఉన్నవి. ఎన్‌సీ పేపర్‌తో ఇలాంటి పని చేయాలంటే రాతపూర్వకంగా అడగడం మంచిది. 'తెలియక చేశాం' అన్న మాట లైసెన్స్‌లో లేదు. అయితే 4.0 లైసెన్స్‌లో ఒక వెసులుబాటు ఉంది: తప్పు మీ దృష్టికి వచ్చిన 30 రోజుల్లో సరిచేస్తే మీ హక్కులు వాటంతటవే తిరిగి వస్తాయి. ఆలోగా చేసిన తప్పుకు మాత్రం హక్కుదారు దావా వేసుకోవచ్చు.

పేపర్‌లో రాసిన తయారీ పద్ధతిని మా ఫ్యాక్టరీలో వాడొచ్చా? పేపర్ సీసీ బై.

బాలానగర్, జీడిమెట్ల, పాశమైలారం వైపునుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. తప్పు జరిగితే ఎక్కువ డబ్బు పోయేదీ ఇక్కడే.

కాపీరైట్ రాతను కాపాడుతుంది, పద్ధతిని కాపాడదు. ఆలోచనకు కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి 'ఇంత ఉష్ణోగ్రత దగ్గర, ఈ ఉత్ప్రేరకంతో, ఇన్ని గంటలు' అన్న సమాచారం పేపర్ లైసెన్స్ ఏదైనా, అసలు లైసెన్సే లేకపోయినా, మీరు వాడుకోవచ్చు, ఆ పద్ధతి మీద పేటెంట్ లేకపోతే.

ఉంటే సీసీ బై మిమ్మల్ని కాపాడదు. పేటెంట్ హక్కులు ఈ లైసెన్స్ కింద ఇవ్వడం లేదని 4.0 లైసెన్స్‌లోనే రాసి ఉంది. ముందు పేటెంట్ దరఖాస్తు వేసి తర్వాత పేపర్‌ను సీసీ బై కింద ప్రచురించడం మామూలుగా జరిగేదే, అందులో మోసమేమీ లేదు.

వెతికే క్రమం ఇలా ఉంటే మంచిది. పేపర్ చివర 'పరస్పర విరుద్ధ ప్రయోజనాలు' (కాంపిటింగ్ ఇంటరెస్ట్స్) అనే పేరా చదవండి, పేటెంట్ వేసినవాళ్లు చాలావరకు అక్కడ చెబుతారు. తర్వాత రచయితల పేర్లతో, వాళ్ల సంస్థ పేరుతో ఎస్పాస్‌నెట్‌లో, గూగుల్ పేటెంట్స్‌లో, భారత పేటెంట్ కార్యాలయం వారి ఇన్‌పాస్‌లో వెతకండి. అణువు అయితే పేరుతో ఆగకుండా నిర్మాణంతో కూడా వెతకాలి, పేటెంట్లలో పదార్థాన్ని వ్యాపార పేరుతో రాయరు. దరఖాస్తు సాధారణంగా 18 నెలల తర్వాతే బయటికి కనిపిస్తుంది. అంటే నిన్న మొన్న వచ్చిన పేపర్ వెనక ఉన్న దరఖాస్తు మీకు ఇంకా కనిపించకపోవచ్చు. ఏడాది తర్వాత మళ్లీ వెతకాలని క్యాలెండర్‌లో రాసుకోండి. పేటెంట్ కనిపిస్తే అది ఏ దేశంలో ఉంది, వార్షిక రుసుములు కడుతున్నారా, లేక గడువు తీరిందా చూడండి. అమెరికా పేటెంట్ ఇక్కడి ఉత్పత్తిని ఆపలేదు, మీరు సరుకును అమెరికాకు పంపితే మాత్రం ఆపుతుంది.

పేటెంట్ ఉన్నా ప్రయోగం కోసం, పరిశోధన కోసం, బోధన కోసం వాడుకోవడానికి మన పేటెంట్ చట్టంలోని 47వ సెక్షన్ వీలిస్తుంది. మందుల అనుమతికి కావలసిన సమాచారం సిద్ధం చేసుకోవడానికి 107ఏ సెక్షన్ ఉంది. జెనరిక్ మందుల పరిశ్రమకు ఈ సెక్షన్ చాలా అవసరం. కానీ ఈ రెండూ అమ్మకానికి అనుమతులు కావు.

మేమే కనిపెట్టాం. ముందు పేపరా, ముందు పేటెంటా?

పేటెంట్ దరఖాస్తు ముందు, పేపర్ తర్వాత. ఈ వరుస తప్పితే చాలా సందర్భాల్లో దిద్దుకునే దారి ఉండదు.

'ప్రచురించాక 12 నెలలు టైమ్ ఉంటుంది కదా' అని చాలామంది అంటారు. అది అమెరికా పద్ధతి. మన చట్టంలో 31వ సెక్షన్ ఇచ్చే 12 నెలలు చాలా ఇరుకైనవి: కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శనలో చూపించినప్పుడు, విద్వత్ సంస్థ ముందు పేపర్ చదివినప్పుడు లేదా ఆ సంస్థ ప్రచురించే సంచికలో వచ్చినప్పుడు, ఇలాంటివి కొన్నే. మామూలు జర్నల్‌లో వచ్చిన పేపర్‌కు అది వర్తిస్తుందని నమ్ముకోకండి. యూరప్‌లోనైతే మీ సొంత పేపరే మీ పేటెంట్‌ను కొట్టేస్తుంది.

'ప్రచురణ' అంటే జర్నల్ ఒక్కటే కాదు. ప్రీప్రింట్ సర్వర్‌లో పెట్టిన రోజే ప్రచురణ. సదస్సు సారాంశాల పుస్తకం ప్రచురణే, గోడకు అంటించిన పోస్టర్ కూడా. థీసిస్‌ల ఆన్‌లైన్ నిధి శోధగంగలో పెట్టిన థీసిస్ కూడా అంతే. పీహెచ్‌డీ విద్యార్థి థీసిస్ అప్‌లోడ్ అయిపోయాక గైడ్ పేటెంట్ గురించి గుర్తుచేయడం విశ్వవిద్యాలయాల్లో మళ్లీ మళ్లీ జరిగే నష్టం.

దారి ఇదీ. ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే ముందుగా తేదీ దక్కించుకునే తాత్కాలిక దరఖాస్తు, వేయండి. విడి వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు, విద్యాసంస్థలకు ఆన్‌లైన్ ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు, మిగతావారికి 8,000. న్యాయవాది ఫీజు వేరు. వేసిన మర్నాడే పేపర్ పంపొచ్చు. 12 నెలల్లో పూర్తి దరఖాస్తు వేయాలి, ఆ గడువు దాటితే ప్రొవిజనల్ రద్దయిపోతుంది. ప్రొవిజనల్‌లో రాయని సంగతి పేపర్‌లో రాస్తే దానికి ఆ పాత తేదీ దక్కదు. కాబట్టి పేపర్ రాతప్రతిలో ఉన్నదంతా ప్రొవిజనల్‌లో ఉండేలా చూసుకోండి. తొందరలో రెండు పేజీలు రాసి వేసే ప్రొవిజనల్‌తో లాభం ఉండదు.

ఇక్రిశాట్ పేపర్ ఓపెన్. అందులోని విత్తనం కూడా మాకొస్తుందా?

పేపర్, విత్తనం రెండూ వేరు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగుల మీద చేసిన పని చాలావరకు తెరిచే ఉంటుంది. విత్తన నిధి నుంచి నమూనా తీసుకోవాలంటే మాత్రం అంతర్జాతీయ ఒప్పందం కింద తయారైన ప్రామాణిక పదార్థ బదిలీ పత్రం మీద సంతకం చేయాలి. ఆ నమూనాతో మీరు చేసిన రకాన్ని ఇతరులు పరిశోధనకు, ప్రజననానికి వాడకుండా కట్టడి చేసి అమ్మితే, అమ్మకాల మీద 1.1 శాతంలో 30 శాతం తీసేసి, అంటే 0.77 శాతం, ఉమ్మడి నిధికి కట్టాలి. కట్టడి చేయకపోతే చెల్లింపు స్వచ్ఛందం. షామీర్‌పేట, మేడ్చల్ వైపు విత్తన కంపెనీలు ఈ షరతును సంతకం పెట్టే ముందే లెక్కలో వేసుకోవాలి. సంకరాల తల్లిదండ్రి వరుసలకు వేరే ఒప్పందాలుంటాయి. స్థానిక జీవవనరులతో పనిచేస్తే జీవవైవిధ్య చట్టం కింద అనుమతులు కూడా చూసుకోవాలి.

డేటాబేసుల సంగతి?

ఒక్కోదాని షరతులు ఒక్కోలా ఉంటాయి, అందుకే ఒక్కొక్కటిగా చూడాలి. జీవశాస్త్రం, మందుల పరిశోధనలో వాడే కొన్ని డేటాబేసులు ఇవి. ప్రొటీన్ డేటా బ్యాంక్ సీసీ జీరో, కంపెనీలు కూడా నిశ్చింతగా వాడొచ్చు. యూనిప్రాట్ సీసీ బై 4.0. కెంబల్ సీసీ బై ఎస్‌ఏ, దాన్ని మార్చి విడుదల చేస్తే అదే లైసెన్స్ పెట్టాలి. డ్రగ్‌బ్యాంక్ ఉచిత సమాచారంలో పెద్ద భాగం ఎన్‌సీ. కెగ్ వెబ్‌సైట్ చూడ్డానికి తెరిచే ఉంటుంది, వ్యాపార సంస్థలు మాత్రం విడిగా లైసెన్స్ కొనుక్కోవాలి. స్టార్టప్‌లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే: విద్యార్థిగా ఉన్నప్పుడు రాసిన ప్రోగ్రాం కెగ్ నుంచి దించుకుంటూ ఉంటుంది, కంపెనీ పెట్టాక కూడా అదే నడుస్తుంది. పెట్టుబడిదారు తరఫు న్యాయవాది అడిగినప్పుడు గానీ ఎవరికీ గుర్తురాదు.

ఆహార యాప్ చేసేవాళ్లు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన 528 ఆహారాల పట్టికల గురించి అడుగుతారు. ఉడికించని కందిపప్పులో ఎంత ప్రొటీన్ ఉందన్నది వాస్తవం, దానికి కాపీరైట్ లేదు. కానీ పట్టికను ఎంపిక చేసి అమర్చిన తీరుకు మన చట్టంలో రక్షణ ఉంది, డేటాబేసులను సాహిత్య కృతుల్లో కలిపారు. ఆ రక్షణకు కొంతైనా నైపుణ్యం, విచక్షణ ఉండాలని ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకటి రెండు అంకెలు మూలం చెప్పి వాడడం వేరు, 528 వరుసలూ దించి యాప్‌లో పెట్టడం వేరు. రెండో పనికి సంస్థకు రాసి అనుమతి తీసుకోండి.

ప్రభుత్వ డేటా పోర్టల్‌లో భారత ప్రభుత్వ ఓపెన్ డేటా లైసెన్స్ కింద ఉన్నవాటికి ఈ బెడద లేదు, మూలం చెబితే వ్యాపారానికీ వాడొచ్చు.

పేపర్‌తో పాటు కోడ్, మోడల్ ఇచ్చారు. వాడొచ్చా?

పేపర్ లైసెన్స్ కోడ్‌కు వర్తించదు. గిట్‌హబ్ రిపాజిటరీలో లైసెన్స్ ఫైల్ తెరిచి చూడండి. ఎంఐటీ, అపాచీ 2.0 అయితే వ్యాపారానికి ఇబ్బంది లేదు. అపాచీలో పేటెంట్ అనుమతి కూడా ఉంటుంది. జీపీఎల్ అయితే అమ్మొచ్చు, కొన్నవాళ్లకు మూల కోడ్ కూడా ఇవ్వాలి. లైసెన్స్ ఫైలే లేకపోతే మీకు హక్కేమీ ఇవ్వలేదని అర్థం.

కోడ్ లైసెన్స్ ఒకలా, మోడల్ బరువుల (శిక్షణలో మోడల్ నేర్చుకున్న అంకెల) లైసెన్స్ ఇంకోలా ఉండొచ్చు. ప్రొటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ 2 కోడ్ అపాచీ 2.0, దాని డేటాబేస్‌లోని నిర్మాణాలు సీసీ బై 4.0. ఆల్ఫాఫోల్డ్ 3 బరువులు వ్యాపారేతర వాడకానికే ఇస్తారు. పేరు ఒకటే కదా అని పాతదాని షరతులే కొత్తదానికి అన్వయించుకుంటే ఇబ్బందుల్లో పడతారు.

పటం వాడుకుంటే పేరు ఎలా రాయాలి?

ఇలా: 'పటం 3: పేపర్ పేరు, రచయితలు, జర్నల్, సంవత్సరం, డీఓఐ. సీసీ బై 4.0 లైసెన్స్. లేబుళ్లు తెలుగులోకి మార్చాం.' డీఓఐకీ లైసెన్స్‌కీ లింకులుండాలి, అచ్చు పుస్తకమైతే చిరునామా అచ్చువేయాలి. మార్పు చేస్తే చేశామని తప్పకుండా చెప్పాలి. పుస్తకం చివర 'పటాలు వివిధ మూలాల నుంచి' అని ఒక్క వాక్యం పెడితే సరిపోదు. రచయితలు మీ ఉత్పత్తిని మెచ్చుకున్నట్టు అనిపించేలా రాయకూడదు కూడా.

పటం కింద ఉన్న వివరణను చివరిదాకా చదవండి. 'ఫలానా ప్రచురణకర్త అనుమతితో' అని ఉంటే ఆ పటం వరకు పేపర్ సీసీ బై వర్తించదు. సమీక్షా వ్యాసాల్లో ఇలాంటివి చాలా ఉంటాయి.

తెలుగులోకి అనువదించి అమ్మొచ్చా?

సీసీ బై అయితే నిరభ్యంతరంగా అమ్మొచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు, మూలం, రచయితల పేర్లు, లైసెన్స్, అనువాదం అన్న మాట ఉంటే చాలు. ఎస్‌ఏ అయితే మీ అనువాదాన్నీ అదే లైసెన్స్ కింద విడుదల చేయాలి, ధర పెట్టొచ్చు, కొన్నవాళ్లు కాపీ చేసి పంచితే ఆపలేరు. ఎన్‌డీ అయితే ఉచితంగా కూడా అనువాదాన్ని పంచకూడదు. తెలుగు వికీపీడియాలోకి సీసీ బై రచన తేవొచ్చు, ఎన్‌సీ రచన తేకూడదు, ఎందుకంటే వికీపీడియా వ్యాపార వాడకాన్నీ అనుమతించే లైసెన్స్ కింద నడుస్తుంది.

ఎన్‌డీ పెట్టే శాస్త్రవేత్తలు ఈ ఒక్క విషయం ఆలోచించాలి. వరి తెగులు మీద రాజేంద్రనగర్‌లో చేసిన పరిశోధన నల్లగొండ రైతుకు తెలుగులో చేరాలంటే ఎవరో ఒకరు దాన్ని మార్చి రాయాలి. ఎన్‌డీ ఆ చేతిని పట్టుకుని ఆపుతుంది.

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ఉందిగా, ఇంక్యుబేటర్‌లో ఉన్న మా కంపెనీ వాడుకోవచ్చా?

ప్రభుత్వ సంస్థలన్నిటికీ కలిపి జర్నళ్ల చందా కట్టే ఆ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 25న ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల విద్యాసంస్థలు, కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థలు అందులో ఉన్నాయి, మొత్తం 6,300కు పైగా. వాటి విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకుల చదువుకే ఆ చందా. క్యాంపస్ వైఫై అందినంత మాత్రాన అద్దెకున్న కంపెనీ దానికి హక్కుదారు కాదు. ఇది చందా, ఓపెన్ యాక్సెస్ కాదు.

ఇంకో హెచ్చరిక. స్క్రిప్టు రాసి పీడీఎఫ్‌లు మూటగట్టి దించుకోవద్దు. ప్రచురణకర్త సర్వర్ దాన్ని గుర్తించి ఆ ఐపీ చిరునామాలను మూసేస్తే, విశ్వవిద్యాలయం మొత్తానికి ఆ జర్నళ్లు ఆగిపోతాయి. ఒక్కరి తొందరకు పరీక్షల వేళ వేలమంది ఇబ్బంది పడతారు.

సై-హబ్?

చందా జర్నళ్ల పేపర్లను ప్రచురణకర్తల అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే వెబ్‌సైట్ ఇది. దాని మీద ప్రచురణకర్తలు ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ 2020 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. 2025 ఆగస్టులో కోర్టు దాన్ని దేశంలో నిరోధించమని ఆదేశించింది. కంపెనీలు దాని జోలికి పోవద్దు. ఔషధ అనుమతి ఫైల్‌లోనో పెట్టుబడి పత్రాల్లోనో ఆ ప్రతులు బయటపడితే సమాధానం చెప్పుకోలేరు.

మరి చందా లేని చిన్న కంపెనీ పేపర్ ఎలా చదవాలి?

అన్‌పేవాల్ అనే ఉచిత బ్రౌజర్ సాధనం పెట్టుకోండి, చట్టబద్ధమైన ప్రతి ఎక్కడున్నా చూపిస్తుంది. పేపర్ శీర్షికను గూగుల్ స్కాలర్‌లో వేసి 'ఆల్ వెర్షన్స్' నొక్కండి. జీవశాస్త్రమైతే యూరప్ పీఎంసీ అనే ఉచిత పేపర్ల నిధిలో వెతకండి. దొరక్కపోతే రచయితకు నాలుగు వాక్యాల మెయిల్ రాయండి, పేపర్ పేరు, డీఓఐ, ఎందుకు కావాలో చెబితే చాలు. చాలామంది సంతోషంగా పంపుతారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థ ఎన్ఐహెచ్ నిధులతో చేసిన పరిశోధనైతే, 2025 జులై 1 నుంచి అంగీకరించిన రాతప్రతులు ప్రచురణ రోజే పీఎంసీలో (అక్కడి పబ్‌మెడ్ సెంట్రల్ నిధి) తెరుచుకోవాలన్న నిబంధన ఉంది.

పీఎంసీలో కనిపించినవన్నీ వ్యాపారానికి పనికొస్తాయని కాదు. అందులోని ఓపెన్ యాక్సెస్ విభాగాన్ని వ్యాపారానికి వీలైనవి, వ్యాపారేతరం, ఇతరాలు అని మూడుగా విడగొట్టి ఇస్తారు. మీ ప్రోగ్రాం మొదటి మూటనే దించుకునేలా రాసుకోండి.

మా పేపర్‌కు ఏ లైసెన్స్ పెట్టాలి? పెద్ద కంపెనీలు దోచుకోకుండా ఎన్‌సీ మంచిది కదా?

సీసీ బై పెట్టండి. ఇది మా అభిప్రాయమే, కారణాలు చెబుతాం.

పెద్ద కంపెనీకి మీ పేపర్‌లో కావలసింది విషయం. దాన్ని ఎన్‌సీ ఆపలేదని పైన చూశాం. ఆపాలంటే పేటెంట్ కావాలి. పునర్ముద్రణ కావాలంటే వాళ్ల దగ్గర డబ్బుంది, కొనుక్కుంటారు. ఎన్‌సీ నిజంగా ఆపేది కోఠిలో చిన్న ప్రచురణకర్తను, జిల్లాలో వ్యవసాయ పత్రిక నడిపేవారిని, తెలుగులో సైన్స్ చానల్ నడుపుతూ ప్రకటనలతో ఇల్లు గడుపుకునేవారిని. వాళ్లకు న్యాయవాది లేడు, అందుకే భయపడి వదిలేస్తారు.

ఇంకా బాధ కలిగించేది రచయితలు సంతకం చేసే ఒప్పందంలో ఉంటుంది. చాలా జర్నళ్లలో సీసీ బై ఎన్‌సీ ఎన్‌డీ ఎంచుకుంటే, వ్యాపార హక్కులు రచయిత దగ్గర ఉండవు, ప్రచురణకర్తకు మాత్రమే రాసిచ్చినట్టవుతుంది. అంటే డబ్బు కట్టి పేపర్‌ను తెరిపించింది మీరు, దానిమీద వ్యాపారం చేసే ఏకైక హక్కు వాళ్లది. సంతకానికి ముందు 'ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్' అన్న మాట ఉందేమో వెతకండి.

మినహాయింపులున్నాయి. రోగుల ఫొటోలు, ఆదివాసీ సమాజాల జ్ఞానం, ఇతరుల నుంచి అరువు తెచ్చుకున్న చిత్రాలు ఉన్నచోట సీసీ బై తొందరపాటు కావచ్చు.

ప్రచురణ రుసుము కట్టే శక్తి లేకపోతే?

పేపర్‌ను ఓపెన్‌గా వేయడానికి జర్నళ్లు రచయిత దగ్గర తీసుకునే రుసుములు కొన్నిచోట్ల భయంకరం. 'నేచర్' 2020లో ప్రకటించింది 9,500 యూరోలు. పేద దేశాలకు ఇచ్చే మాఫీ జాబితాల్లో భారత్ సాధారణంగా ఉండదు, ఆశ పెట్టుకోవద్దు. అడిగితే కొన్ని జర్నళ్లు తగ్గిస్తాయి, కానీ పేపర్ పంపేటప్పుడే అడగాలి, అంగీకరించాక అడిగితే వినరు. పన్ను అదనంగా పడుతుందేమో లెక్కల విభాగంలో ముందే కనుక్కోండి.

కట్టకుండా తెరిచే దారి ఉంది. చందా జర్నల్‌లోనే వేసి, అంగీకరించిన రాతప్రతిని సంస్థ రిపాజిటరీలో పెట్టడం. కేంద్ర బయోటెక్నాలజీ, సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగాల (డీబీటీ, డీఎస్‌టీ) నిధులు తీసుకున్నవారికి 2014 డిసెంబర్ విధానం ప్రకారం అది బాధ్యత కూడా. ఏ జర్నల్ ఏ ప్రతిని ఎన్ని నెలల తర్వాత పెట్టనిస్తుందో ఓపెన్ పాలసీ ఫైండర్ (పాత పేరు షెర్పా రోమియో) అనే వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఎడిటర్ చివరిసారి 'అంగీకరించాం' అన్నప్పటి వర్డ్ ఫైలును ఆ రోజే వేరే ఫోల్డర్‌లో దాచండి. ఏడాది తర్వాత అది దొరక్క జర్నల్ పీడీఎఫ్‌నే అప్‌లోడ్ చేసి నోటీసులు తెచ్చుకునేవాళ్లున్నారు. రచయిత దగ్గరా పాఠకుడి దగ్గరా రుసుము తీసుకోని 'డైమండ్' జర్నళ్లు కూడా ఉన్నాయి, ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీ అయిన డీఓఏజేలో 'రుసుము లేనివి' అని వడపోసి చూడండి.

మూడు రోజుల్లో ప్రచురిస్తామని మెయిల్ వచ్చింది.

తీసి పారేయండి. సమీక్షకు సాధారణంగా వారాలు, నెలలు పడతాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. ఈ ఊరి శాస్త్రవేత్తలకు అది తగిలిన దెబ్బ. ఎందుకంటే ఇక్కడి నుంచి వచ్చే నిజాయితీ గల కొత్త జర్నల్‌ను కూడా బయటివాళ్లు అనుమానంగా చూస్తారు. డీఓఏజేలో ఉందో లేదో చూడండి, సంపాదకవర్గంలో ఇద్దరికి నేరుగా మెయిల్ రాసి అడగండి.

పేపర్లతో ఏఐ మోడల్‌కు శిక్షణ ఇవ్వొచ్చా?

మన చట్టంలో దీనికి విడిగా మినహాయింపు లేదు. యూరప్‌లో 2019 ఆదేశంలో ఉంది. వార్తల విషయంలో వార్తా సంస్థ ఏఎన్ఐ ఓపెన్‌ఏఐ మీద వేసిన దావా 2024 నవంబర్‌లో ఢిల్లీ హైకోర్టుకు చేరింది. సురక్షితమైన దారి సీసీ జీరో, సీసీ బై పేపర్లతోనే మొదలుపెట్టి, ప్రతి ఫైలు పక్కన డీఓఐ, లైసెన్స్, దించిన తేదీ ఉండే పట్టిక ఉంచుకోవడం. తర్వాత ఏదైనా తీసేయాల్సి వస్తే ఆ పట్టికే మీకు ఆధారం.

అనుమతి అడుగుతూ రాశాం. జవాబు లేదు.

మౌనం అంగీకారం కాదు. మొదట మీ మెయిల్‌లో అన్నీ ఉన్నాయా చూడండి: డీఓఐ, పటం సంఖ్య, ఏ భాషలో, అచ్చా ఈ-పుస్తకమా, ఎన్ని ప్రతులు, ధర ఎంత, ఎన్నేళ్లు, ఏ దేశాల్లో. ఇవి లేని మెయిల్‌ను హక్కుల విభాగం పక్కన పెట్టేస్తుంది. చాలామంది ఎడిటర్‌కు రాస్తారు, రాయాల్సింది ప్రచురణకర్త హక్కుల విభాగానికి, లేదా పేపర్ పేజీలో ఉండే 'రైట్స్‌లింక్' బటన్ ద్వారా. మూడు వారాలు చూసి మళ్లీ రాయండి. రచయిత మెయిల్ పాతదైపోతే ఓఆర్‌సిడ్ (పరిశోధకుల గుర్తింపు వెబ్‌సైట్) పేజీలో ఆయన చేరిన కొత్త సంస్థ పేరు దొరకొచ్చు.

అప్పటికీ రాకపోతే గ్రాఫ్ అయినచోట ఒక పని చేయొచ్చు. పేపర్‌లోని పట్టిక నుంచి అంకెలు తీసుకోండి. పట్టిక లేకపోతే వెబ్‌ప్లాట్‌డిజిటైజర్‌తో గ్రాఫ్ నుంచే చదవండి. వాటితో మీ సొంత గ్రాఫ్ మీ పద్ధతిలో గీసి, 'సమాచారం ఫలానా పేపర్ నుంచి' అని కింద రాయండి. గీతల అమరిక, రంగులు, బాణాలు పాతదానిలా ఉండకూడదు. జెల్ ఫొటో, మైక్రోస్కోప్ చిత్రం, రోగి ఎక్స్‌రే అయితే మళ్లీ గీయడం కుదరదు. వాటి స్థానంలో సీసీ బై కింద దొరికే ఇంకో చిత్రం వెతుక్కోవాలి, లేదా ఆ పేజీ చిత్రం లేకుండానే వేయాలి.